ప్లగ్ మీటర్ కొనాలా, వద్దా? వాడాక చెబుతున్నా

ముందే చెప్పేస్తున్నా, ఇది కొన్నంత మాత్రాన కరెంటు బిల్లు తగ్గదు. డబ్బా మీద బిల్లు సగమైపోతుందన్నట్టు రాస్తారు, అది పట్టించుకోకండి. ఇది చేసే పని ఒక్కటే. గోడ సాకెట్‌కీ మన వస్తువు ప్లగ్‌కీ మధ్యలో కూర్చుని, ఎంత కరెంటు పోతోందో చిన్న తెర మీద అంకెల్లో చూపిస్తుంది. వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్, పెట్టినప్పటి నుంచి ఎన్ని యూనిట్లు కాలాయి, ఎన్ని గంటలు నడిచింది, ఇవన్నీ ఒక బటన్ నొక్కుతూ పోతే వరసగా వస్తాయి. యూనిట్ రేటు మనం ఎక్కిస్తే డబ్బు లెక్క కూడా వేస్తుంది. యాప్ లేదు, వైఫై లేదు, అకౌంట్ తెరవమని అడగదు. నాకైతే అదే నచ్చింది. పొదుపు కోసమని కొన్న వస్తువు రోజంతా ఇంటర్నెట్‌కి అతుక్కుని తనూ కాస్త కరెంటు లాగుతూ కూర్చుంటే ఏం లాభం?

ఇలాంటి వస్తువు కొనాలని ఇప్పుడు ఇంతమందికి ఎందుకు అనిపిస్తోందో వేరే చెప్పక్కర్లేదు. జీతం పెరిగింది కదా, మరి నెలాఖరుకి ఏమీ మిగలట్లేదేంటి అని కూర్చుని లెక్క రాసుకున్న ఇళ్లలో కరెంటు, గ్యాస్, పెట్రోలు దగ్గరే పెన్ను ఆగుతుంది. వీటితో చిక్కేమిటంటే వాయిదా వేయడం కుదరదు. చొక్కా ఈ నెల కాకపోతే వచ్చే నెల కొనుక్కుంటాం, ఫ్రిజ్‌ని వారం రోజులు ఆపి పెట్టలేం, చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చలికాలం వేడినీళ్లు మానేయలేం. ఒక చిన్న లెక్క చూడండి. జీతంలో నూటికి 5 ఇంధనానికి పెట్టే ఇల్లు ఒకటి, నూటికి 15 పెట్టే ఇల్లు ఒకటి. రేట్లు రెట్టింపయ్యాయి, ఆ ఏడాదే ఇద్దరికీ 5 శాతం ఇంక్రిమెంటు వచ్చింది. మొదటి ఇంటివాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు, పెరిగింది పెరిగినట్టే బిల్లుకి పోతుంది. రెండో ఇంటివాళ్లకి ఇంక్రిమెంటు వచ్చాక కూడా పాత జీతంలో పదో వంతు కోత పడినట్టే. ఆ రెండో ఇల్లు ఎవరిదో తెలుసుగా, జీతం తక్కువ ఉన్నవాళ్లదే. డబ్బున్నవాళ్ల ఇంట్లో యూనిట్లు ఎక్కువ కాలినా సంపాదనలో అది చిన్న ముక్క.

సరే, మీటర్ సంగతికి వద్దాం.

మొట్టమొదట ఫ్రిజ్‌కి పెట్టండి, కనీసం ఒక రోజంతా, కుదిరితే రెండు మూడు రోజులు తీయకుండా ఉంచండి. ఫ్రిజ్ ఎప్పుడూ ఒకేలా లాగదు కాబట్టి అయిదు నిమిషాలు చూసి తేల్చేస్తే ఏమీ తెలియదు. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు తెర మీద ఒకటో రెండో వాట్లు కనిపిస్తాయి, టక్కుమని అందుకోగానే ఒక్క క్షణం అంకె ఎక్కడికో ఎగిరి, తర్వాత 120 దగ్గరో 130 దగ్గరో నిలబడుతుంది. మంచు పేరుకోని రకం ఫ్రిజ్ అయితే అప్పుడప్పుడూ లోపలి హీటర్ పనిచేసి ఇంకా పైకి పోతుంది. అందుకే వాట్లు వదిలేసి యూనిట్లు చూడాలి. మాది పాత ఫ్రిజ్, అది ఎక్కువ తింటుందని తెలుసు, మరీ అంత తింటుందని మాత్రం అనుకోలేదు. కంప్రెసర్ ఆగడమే లేదు. తలుపు రబ్బరు మధ్యలో ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగితే కింది మూల దగ్గర సులువుగా జారి వచ్చేసింది, అంటే చల్లగాలి అక్కడి నుంచి పోతూనే ఉంది. రబ్బరు మార్పించి, వెనకాల గోడకి ఆనుకుని ఉన్న ఫ్రిజ్‌ని ఒక జానెడు ముందుకి జరిపాక కంప్రెసర్ మళ్లీ మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటోంది, రోజువారీ యూనిట్లు కంటికి కనిపించేలా తగ్గాయి. ఈ మీటర్ పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది ఇక్కడే అంటాను.

తర్వాత స్టాండ్‌బై, అంటే వాడకపోయినా ప్లగ్‌లో ఉన్నందుకే వస్తువు లాగే కరెంటు. రాత్రి పడుకునేముందు ఇల్లంతా తిరిగి ఫోన్ చార్జర్లు పీకేసే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో నాన్నగారు. ఆయన ముందే చార్జర్ పెట్టి చూపించాను, ఫోన్ లేకుండా ఖాళీగా ఉంటే తెర మీద సున్నా. ఫోన్ తగిలించి రోజుకోసారి పూర్తిగా నింపినా నెలకి ఒక యూనిట్ కూడా కాదు. "మరి నువ్వెప్పుడూ లైటు ఆర్పవుగా" అన్నారు, అది వేరే విషయం. నిజంగా పట్టుకోవాల్సింది సెట్‌టాప్ బాక్స్‌ని. రిమోట్‌తో ఆపినా మాది 12 వాట్లు లాగుతూనే ఉంది. 12 వాట్లంటే ఏముందిలే అనిపిస్తుంది కానీ రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు వేసుకుంటే 8 యూనిట్లు దాటుతుంది, ఎవరూ ఏమీ చూడకుండానే. అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ఏ వస్తువైనా ఖాళీగా ఉన్నప్పుడు ఒక వాట్ మించి లాగకూడదని ప్రచారం మొదలుపెట్టింది, యూరోపియన్ యూనియన్ అయితే 2013 నుంచి చాలా వస్తువులకి మామూలు స్టాండ్‌బైలో అర వాట్ పరిమితి పెట్టింది. టీవీ లాంటివి అందుకే ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాయి. ఎప్పుడూ నెట్‌వర్క్‌తో మాట్లాడుతూ ఉండే డబ్బాల సంగతి అలా లేదు.

ఇక అసలు దొంగ వేడి. నీళ్లు కాచేది, బట్టలు ఆరబెట్టేది, గది వెచ్చబెట్టేది, ఇస్త్రీ పెట్టె, ఏదైనా సరే, వేడి పుట్టించే వస్తువు పెట్టగానే మీటర్ మీద నాలుగంకెల సంఖ్య వస్తుంది. దీన్ని తప్పించుకునే టెక్నిక్ ఏదీ లేదు. లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 1.16 వాట్-గంటలు కావాలి, అది ప్రకృతి పెట్టిన రేటు, ఏ కంపెనీ గీజరైనా అంతకంటే తక్కువకి చేయలేదు. హీట్ పంపులు మాత్రమే దీనికి మినహాయింపు, అవి బయటి గాలిలోని వేడిని లోపలికి తోడతాయి కాబట్టి. 15 లీటర్లని 25 డిగ్రీలు పెంచితే దాదాపు 0.44 యూనిట్. ఇంట్లో నలుగురు స్నానం చేస్తే నెలకి 50 యూనిట్లు ఊరికే దాటుతుంది. ఒక పక్క నెలకి యూనిట్ కూడా కాని చార్జర్ కోసం రోజూ గొడవ, ఇంకో పక్క ఆన్ చేసి మర్చిపోయిన గీజర్. ఇంట్లో అందరికీ ఈ రెండంకెలూ పక్కపక్కన చూపిస్తే చాలు, మా ఇంట్లో కరెంటు పేరుతో జరిగే కీచులాట సగం తగ్గింది, ఎవరి మీద అరవాలో ఇప్పుడు తెలుసు కాబట్టి.

పక్కింటి అక్క అడిగితే కొన్నాళ్లు ఆమెకిచ్చాను. ఆమె ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది, పీసుకింత అని కూలి. కుట్టుమిషన్ మోటార్ వల్లే బిల్లు వస్తోందని ఆమె అనుకునేది. పెట్టి చూస్తే మోటార్ వంద వాట్లు కూడా లాగట్లేదు, అదీ కాలు తొక్కినప్పుడే. పక్కనే ఉన్న ఇస్త్రీ పెట్టెకి మార్చాం. 1,000. కాసేపటికి సున్నా. మళ్లీ 1,000. మళ్లీ సున్నా. లోపల థర్మోస్టాట్ అలా ఆన్, ఆఫ్ చేస్తూ ఉంటుందన్నమాట, పని జరుగుతున్నప్పుడు సగం సమయం ఆన్‌లో ఉన్నా గంటకి అర యూనిట్. "ఇస్త్రీ అన్నీ కలిపి ఒకేసారి పెట్టుకుంటే తగ్గుతుంది కదక్కా" అని నా తెలివి చూపించబోయాను. "అతుకు అతుక్కీ ఇస్త్రీ పడకపోతే కుట్టు వంకర పోతుంది, వంకర పోతే పీసు వెనక్కి వస్తుంది, అప్పుడు ఆ డబ్బులు నువ్విస్తావా" అంది. నిజమే, ఆమె పనిలో ఆ పెట్టె రోజంతా వేడిగా ఉండి తీరాలి.

ఆ పీసు రేటు ఎప్పుడో ఖాయం చేసింది. దారం ఎవరిది, గుండీలు ఎవరివి అన్నదాకా మాట్లాడుకున్నారు కానీ కరెంటు ఊసే లేదు, అప్పట్లో అది లెక్కలోకి తీసుకునేంత ఖర్చు కాదు మరి. ఇప్పుడు యూనిట్ రేటు పెరిగినప్పుడల్లా ఆమె కూలి తగ్గుతుంది, ఎవరూ తగ్గించకుండానే. కాగితం మీద పీసు రేటు అదే, చేతికొచ్చేది మాత్రం అది కాదు. మీటర్ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని పని ఇచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చూసి నవ్వి, రేటు పెంచలేనని, ఇక నుంచి దారం తనే ఇస్తానని చెప్పాడట. ఏదో ఒకటి వచ్చింది. అంకె లేకుండా "బిల్లు ఎక్కువొస్తోందండీ" అని వెళ్లి ఉంటే అదీ వచ్చేది కాదు.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లదీ ఇదే కథ, కాస్త ఖరీదైన కుర్చీలో. లాప్‌టాప్ ఒక్కటే అయితే పెద్దగా ఏం లేదు, మామూలు పనికి 30, 40 వాట్ల దగ్గర తిరుగుతుంది, ఎనిమిది గంటలకి యూనిట్‌లో మూడో వంతు లోపే. దానికి బయటి మానిటర్, రౌటర్ కలపండి. దానికి గదిని చల్లగానో వెచ్చగానో ఉంచడానికయ్యేది కలపండి, అక్కడే అసలు ఖర్చుంది. ఇంతకుముందు ఈ కరెంటంతా ఆఫీసు మీటర్‌లో తిరిగేది, ఇప్పుడు ఉద్యోగి ఇంటి మీటర్‌లో తిరుగుతోంది. ప్రయాణం ఖర్చు మిగిలిందిగా అంటారు, దూరం నుంచి వెళ్లేవాళ్లకి మిగులుతుంది, నడిచి వెళ్లేవాళ్లకి ఏం మిగులుతుంది? దీని మీద మీ మేనేజర్‌తో మాట్లాడాలనుకుంటే ఒక నెల మీటర్ పెట్టి చూసుకుని మాట్లాడండి, అంచనాగా చెబితే వినరు.

ఇక్కడిదాకా చదివి, అయితే మీటర్ పెట్టుకుని జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది కదా అనుకునేవాళ్లకి ఒక మాట. సరిపోదు. 2022లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక యూరప్‌లో గ్యాస్ ధర అంతకుముందు ఎన్నడూ లేనంత పైకి పోయింది, చాలా చోట్ల కరెంటు ధరని గ్యాస్ ప్లాంట్లే తేలుస్తాయి కాబట్టి కరెంటూ దాని వెంటే పోయింది. బ్రిటన్‌లో ఇళ్ల రేట్లకి ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఆ పరిమితే ఆ ఏడాది ఏప్రిల్‌లో 54 శాతం పెరిగింది, అక్టోబరులో ఇంకో 80 శాతం పెరగబోతుంటే ప్రభుత్వం అడ్డుపడి కొంత భారం తన నెత్తిన వేసుకుంది. అంత చేసినా ఆ అక్టోబరులో ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది, నలభై ఏళ్లలో అంత లేదు. ఎన్ని పాత సెట్‌టాప్ బాక్సులు పీకితే 54 శాతం పూడుతుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 2022 మొదటి ఆరు నెలల్లో ప్రపంచం మొత్తం మీద నిజ వేతనాలు 0.9 శాతం తగ్గాయి, ఈ శతాబ్దంలో అలా తగ్గడం అదే మొదలు. నిజ వేతనం అంటే జీతం అంకె కాదు, ఆ జీతంతో ఎంత కొనగలమన్నది.

జీతాలు పెంచితే ధరలు ఇంకా పెరుగుతాయని ఒక వాదన ఎప్పుడూ ఉంటుంది, 1973లో చమురు ధర కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగింతలైనప్పటి నుంచీ వింటున్నదే. ఇటలీలో ధరలతో పాటు జీతం పెరిగే ఏర్పాటు ఒకటి ఉండేది, 1992లో దాన్ని ఎత్తేశారు. బెల్జియంలో మాత్రం ఇప్పటికీ ఉంది. ధరల సూచీ పెరిగితే జీతం దానంతటదే పెరుగుతుంది, ఆ సూచీలో పెట్రోలు, డీజిల్ లెక్కించరు కానీ ఇంట్లో కాల్చే గ్యాస్, కరెంటు లెక్కిస్తారు. 2023 జనవరిలో అక్కడ లక్షల మంది ప్రైవేటు ఉద్యోగులకి ఒక్కసారే దాదాపు 11 శాతం పెరిగింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, వాళ్ల కరెంటు బిల్లు కూడా పెరిగింది కాబట్టి ఆ బాధ అబద్ధం కాదు. చిన్న బేకరీ నడిపేవాడికి ఓవెన్ బిల్లూ, పనివాళ్ల జీతం ఒకే గల్లాపెట్టెలోంచి రావాలి. అయినా నన్నడిగితే బెల్జియం పద్ధతే మేలు. అది లేనిచోట ఈ భారమంతా ఎవరు మోస్తారంటే ఓనర్‌ని అడిగే ధైర్యం లేనివాళ్లు మోస్తారు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మీటర్ల గురించి రాసేవాళ్లు దీన్ని వదిలేస్తారు. దుబారా ఉన్న ఇంట్లోనే పొదుపుకి చోటుంటుంది. ఒక గది, రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక చిన్న ఫ్రిజ్ ఉన్న ఇంటికి ఈ మీటర్ ఏం చెబుతుంది? వాళ్లు తగ్గించాల్సినవన్నీ ఎప్పుడో తగ్గించేశారు. పాత ఫ్రిజ్ ఎక్కువ తింటోందని తెలిసినా కొత్తది కొనడానికి ఒక్కసారే అంత డబ్బు కావాలి, అది లేకే కదా పాతది వాడుతున్నారు. అద్దె ఇల్లయితే గోడలు, కిటికీలు, గీజర్ ఇంటి ఓనర్‌వి, బిల్లు మాత్రం అద్దెకున్నవాళ్లది. ముందే డబ్బు కట్టుకుని వాడుకునే ప్రీపెయిడ్ మీటర్లున్న ఇళ్లలో ఇంకో ఘోరం, డబ్బు అయిపోతే చీకటే. బయటికి అది కనెక్షన్ కోసినట్టు లెక్కలోకే రాదు, వాళ్లే రీచార్జి చేసుకోలేదని రాసుకుంటారు. బ్రిటన్‌లో బాకీలున్న ఇళ్లకి బలవంతంగా అలాంటి మీటర్లు పెడుతున్నారని గొడవై, 2023 ఫిబ్రవరిలో ఆఫ్‌జెమ్ దాన్ని ఆపమనాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకి ప్లగ్ మీటర్ కొనుక్కోమని సలహా ఇస్తే నవ్వుతారు, తిట్టినా తప్పు లేదు.

ఇప్పుడు వస్తువులో లోపాలు. పెద్దది ఏంటంటే ప్లగ్ ఉన్నవాటికే పనికొస్తుంది. సీలింగ్ ఫ్యాన్లు, లైట్లు, వైరు నేరుగా గోడలోకి పోయే గీజర్లు, ఏసీలు, ఇవన్నీ దీనికి అందవు, నిజానికి బిల్లులో పెద్ద వాటా వీటిదే. వాటికి ఇంటి మెయిన్ మీటరే దిక్కు, మిగతావన్నీ ఆపి ఒక్కటే నడిపి గంటకి ఎంత తిరిగిందో చూసుకోవాలి. గ్యాస్ సంగతి దీనికి అసలే తెలియదు. రెండోది, డబ్బు లెక్క నమ్మకండి. ఒకే యూనిట్ రేటు తీసుకుంటుంది, స్లాబులున్న చోట, వేళని బట్టి రేటు మారే చోట, స్థిర చార్జీలున్న చోట అది చూపించే మొత్తం తప్పు. యూనిట్లు రాసుకుని లెక్క మీరే వేసుకోండి. మూడోది, రెండు మూడు వాట్ల లోపు దీని చూపు మందం, చార్జర్‌కి సున్నా చూపించిందంటే మరీ తక్కువని అర్థం, ఏమీ లాగట్లేదని కాదు. ఆకారం కూడా మొండిగా ఉంటుంది, పక్క సాకెట్‌ని సగం కప్పేస్తుంది. తెర వెనక లైటు లేదు, ఫ్రిజ్ వెనక మూలన పెడితే టార్చి వేసుకుని వంగి చూడాలి, నడుం నొప్పి ఉన్నవాళ్లు పిల్లల్ని పంపండి.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో వెనక రాసి ఉంటుంది, మీ హీటర్ లాగేది అంతకంటే ఎక్కువైతే పెట్టొద్దు, పెట్టినా గంటల తరబడి వదిలేయొద్దు, మీద చెయ్యి పెడితే వేడిగా అనిపిస్తే వెంటనే తీసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి దానికి హీటర్ తగిలించే సాహసం అసలొద్దు. ఇంకోటి, కరెంటు పోతే పాత లెక్క గుర్తుంచుకునేది తీసుకోండి. లోపల బటన్ బ్యాటరీ ఉన్నవాటిలో కొన్ని గుర్తుంచుకుంటాయి, లేనివి కరెంటు పోయి రాగానే సున్నా నుంచి మొదలుపెడతాయి, మూడు రోజుల ఫ్రిజ్ లెక్క గాల్లో కలుస్తుంది.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. పాత ఫ్రిజ్ ఉన్నవాళ్లు, ఇంట్లోనే పని చేసుకుని సంపాదించేవాళ్లు, బిల్లు మీద ఇంట్లో రోజూ గొడవపడేవాళ్లు తీసుకోవచ్చు. అందరూ తలా ఒకటి కొనాల్సిన వస్తువు మాత్రం కాదు. ఒక్కో వస్తువుని ఒక్కసారి కొలిచాక దీనికి పెద్దగా పనుండదు, కాబట్టి నాలుగైదు ఇళ్లు కలిసి ఒకటి కొని తిప్పుకుంటే చాలు. మాది ప్రస్తుతం అక్క వాళ్ల చెల్లెలింట్లో వాషింగ్ మెషీన్‌కి ఉంది.